పిల్లి తిండి ముట్టకపోతే

ఫ్రిజ్‌లోంచి తీసిన చేప ముక్కలు అలాగే గిన్నెలో పడేస్తే పిల్లి ఓసారి వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది. పొగరనుకోకండి, దానికి రుచికన్నా వాసనే ముఖ్యం, చల్లటి తిండికేమో వాసన సరిగా రాదు. ముళ్లు తీసేసి, రెండు చెంచాల వేడినీళ్లు కలిపి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేలా చేసి, మీసాలు అంచులకు రాసుకోకుండా వెడల్పాటి పళ్లెంలో పెట్టి చూడండి. అరగంటలో తినకపోతే తీసేయండి, ఈగలు ముసిరిన తిండి మనమైనా తింటామా! మన కూరలోని ముక్క మాత్రం పెట్టొద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. 24 గంటలు దాటినా ఏమీ ముట్టకపోతే అలకలే అని ఊరుకోకుండా పశువుల డాక్టర్‌కి చూపించండి, ఎక్కువసేపు పస్తుంటే పిల్లులకు, అందులోనూ లావుగా ఉన్నవాటికి, కాలేయం దెబ్బతింటుంది.