స్లో నిలబడని పాత బండి: దొంగగాలి ఎక్కడ దూరుతోంది?

అంబాసిడరైనా పద్మినైనా, కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) ఉన్న బండి స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు, వణుకుతుంటే ముందు చెయ్యి పోయేది స్లో స్క్రూ మీదికే. దాన్ని తిప్పితే వణుకు అణుగుతుంది గానీ గాలి దూరే కంత అలాగే ఉంటుంది. స్క్రూ ముట్టుకోకముందే ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో చూపే వాక్యూమ్ గేజ్ పెట్టండి.

ఇంజన్ బాగా వేడెక్కాక మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు వెళ్లే దారి) నిప్పిల్‌కి గేజ్ గొట్టం తగిలించండి. స్లోలో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) ఉండాలంటారు. అది సముద్రమట్టం లెక్క. బెంగళూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. నెల్లూరులోనో చెన్నైలోనో 18 చూపిన ఇంజనే ఇక్కడికొస్తే 15 చూపిస్తుంది. ముల్లు అక్కడ కదలకుండా నిలబడితే ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. లేని లీకు కోసం మంచి ప్యాకింగులు విప్పకండి.

ముల్లు కదలకుండానే అంతకన్నా బాగా కిందికి దిగితే గాలి లీకో, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడడమో. ఒకే లయలో టక్కుటక్కున పడిలేస్తుంటే వాల్వ్‌ను అనుమానించాలి.

టైమింగ్ సరిగ్గా ఉంటే, గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ కొద్దిగా లాగండి. ఇంజన్ తేరుకుందంటే పెట్రోలుకు మించి గాలి పోతోందన్నమాట. బ్రేక్ బూస్టర్ గొట్టం, డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ గొట్టం ఒక్కొక్కటే గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కిపట్టండి. దేన్ని నొక్కితే స్లో కుదుటపడుతుందో లీకు ఆ దారిలోనే ఉంది. తర్వాత కార్బురేటర్ అడుగు ప్యాకింగ్, థ్రాటిల్ షాఫ్ట్ (యాక్సిలరేటర్‌తో తిరిగే కార్బురేటర్ కడ్డీ) రెండు చివరలు, మానిఫోల్డ్ అతుకుల మీద సన్నగా నీటి తుంపర కొట్టండి. ఇంజన్ చప్పుడు మారిన చోటే కంత. క్లీనర్ స్ప్రే వద్దు, వేడి ఎగ్జాస్ట్ పక్కనే ఉంటుంది, అంటుకుంటుంది. ఎగ్జాస్ట్ మీద నీళ్లూ పడనీయకండి. షాఫ్ట్ వేళ్లతో ఊపితే ఆడుతోందా? ఏ ప్యాకింగూ దాన్ని ఆపలేదు, షాఫ్ట్ తిరిగే రంధ్రంలో కొత్త బుష్ వేయించాల్సిందే.

ఇప్పుడు క్రాంక్‌కేస్, అంటే ఇంజన్ అడుగున క్రాంక్ తిరిగే గది. పిస్టన్ రింగులు దాటి కిందికి దిగిన పొగను పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ గాలిని బయటికి లాగే వాల్వ్) మళ్లీ మానిఫోల్డ్‌లోకి లాగాలి. ఇంజన్ నడుస్తుండగా వాల్వ్‌ను ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) నుంచి తీసి బొటనవేలు అడ్డం పెట్టండి, గట్టిగా పీల్చాలి. తిరిగి బిగించి, ఎయిర్ క్లీనర్ నుంచి కవర్‌కి వచ్చే గొట్టం మూసి, ఆయిల్ మూత తీసి పల్చటి కాగితం పరవండి. నిమిషంలో అతుక్కుపోవాలి. పైకి ఎగిరితే దారి పూడుకుపోయిందో, రింగులు అరిగాయో. పూడుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను క్రాంక్ వెనక సీల్ నుంచి తోసేస్తుంది, ముందు ఆ దారి తెరవకుండా సీల్ మార్చితే కొత్తదీ కారుతుంది. తెరుచుకుని ఇరుక్కున్న వాల్వ్ అయితే అదే ఒక గాలి లీకు.

పీసీవీ లేని బండ్లలో క్రాంక్‌కేస్ పొగ బయటికి పోయే బ్రీదర్ పైపునూ లోపలి జాలీనీ కిరోసిన్‌తో కడగండి. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగే బండికి ఆయిల్ మూత కింద మీగడలా తెల్లగా పేరుకునేది నీళ్లూ ఆయిలూ కలిసిన ముద్ద. జాలీని మూసేది అదే.

బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల దుకాణాల్లో గొట్టం కొనేటప్పుడు ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరుదే అడగండి. రేడియేటర్ గొట్టం ముక్క ఆయిల్‌కి మెత్తబడి, లోపలికి నొక్కుకుపోతుంది. పీసీవీ వాల్వ్‌ను చూపుపోలికతో తీసుకోకండి, ఇంజన్‌ను బట్టి లోపలి స్ప్రింగ్ మారుతుంది. మానిఫోల్డ్ ప్యాకింగ్ మార్చితే నట్లు మధ్య నుంచి చివరలకు కొద్దికొద్దిగా బిగించి, ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూసుకోండి.