నెట్‌వర్క్ స్విచ్ పాఠం 6: ఒకే పోర్టులో ఫోను, పీసీ, కరెంటు (ముందు పోయినసారి గొడవ)

ఈసారి నేరుగా ఫోన్ పోర్టులోకి దిగుదామనుకున్నా. కానీ పోయిన పాఠంలో ట్రంక్ (ఒకే కేబుల్ మీద చాలా వీల్యాన్లు మోసే లైను; వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌లో విడదీసిన వేరే నెట్‌వర్కు) చెప్పాక వచ్చిన మెసేజీలు చూస్తే, ఆ పంచాయతీ తేల్చకుండా ముందుకు పోయేటట్టు లేదు. పొగతోటలో నర్సింగ్ హోమ్ చూసుకునే తమ్ముడు ఒకడు, ఒంగోలు కర్నూలు రోడ్డులో షోరూమ్ వైరింగ్ చేసినాయన ఒకరు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఇంకో అబ్బాయి, ట్రంక్‌లోకి 120 అనే వీల్యాన్ కలపబోయి అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఎంటర్ కొట్టా, మొత్తం పోయింది."

పోతుంది మరి. మీరు కొట్టిన లైను ఇది (కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, స్విచ్‌లో మీరు ఎట్టా కొట్టాలో మీకు తెలుసు, నేను చెప్పేది సిస్కో స్విచ్‌లలో నడిచే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ సంగతి):

స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలవ్డ్ వీల్యాన్ 120

అప్పటిదాకా ఆ ట్రంక్ మీద 10, 20, 99 పోతా ఉండాయి. ఈ లైను కొట్టినాక 120 ఒక్కటే పోతుంది, మిగతా మూడూ లిస్టులోంచి ఎగిరిపోయాయి. స్విచ్ మిమ్మల్ని అడగదు, హెచ్చరించదు, పాత లిస్టు తీసేసి కొత్తది పెట్టేస్తుంది అంతే. మీరు ఎస్ఎస్‌హెచ్‌లో (దూరంనుంచి స్విచ్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వచ్చింది 99 మీదుగా, కాబట్టి మీ స్క్రీన్ కూడా అక్కడే బిగుసుకుపోతుంది. కొట్టాల్సింది ఇది:

స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలవ్డ్ వీల్యాన్ యాడ్ 120

"నేను యాడ్ పెట్టినా ఏం మారలేదు" అని ఒకరు. మారదు, ఎందుకంటే మీ ట్రంక్‌లో అసలు లిస్టే పెట్టలేదు, అంటే 1 నుంచి 4094 దాకా అన్నీ ముందే పోతా ఉండాయి. కొత్తగా కలపడానికి ఏం లేదు, ఆ ట్రంక్‌ని ముట్టుకోకుండా వదిలెయ్యండి. అట్టాంటి ట్రంక్ మీదే యాడ్ లేకుండా కొట్టినాయనకి మాత్రం అన్నీ పోయి ఒక్కటే మిగిలింది. ఇంకొకరు 120 తీసేద్దామని ముందు నో పెట్టి అలవ్డ్ వీల్యాన్ కొట్టారు, అప్పుడు లిస్టు మొత్తం డిఫాల్ట్‌కి పోయి అన్నీ తెరుచుకున్నాయి. ఒక్కటి తియ్యాలంటే రిమూవ్ 120 అనాలి. చీమకుర్తి అబ్బాయి ఇంకా పాపం, పోర్టు లైటు పచ్చగానే ఉంది, షో సీడీపీ నైబర్స్ (సీడీపీ అంటే పక్కపక్క సిస్కో పరికరాలు ఒకదానికొకటి పరిచయం చెప్పుకునే పద్ధతి) కొడితే అవతలి స్విచ్ కూడా కనపడతా ఉంది, ఇంక కేబులే పోయిందేమోనని కొత్త కేబుల్ గుంజాడంట! వీల్యాన్ 1ని అలవ్డ్ లిస్టులోంచి తీసేసినా సీడీపీ లాంటి కంట్రోల్ ఫ్రేములు పోతానే ఉంటాయి, అందుకని నైబర్ కనపడినంత మాత్రాన డేటా పోతుందని కాదు. చూడాల్సింది షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్. అందులో అలవ్డ్ లైను చదవండి, రెండు వైపులా, రెండు స్విచ్‌లలోనూ.

ఇప్పటికే బిగుసుకుపోయినోళ్ళు: రైట్ మెమరీ (కాన్ఫిగ్ సేవ్ చేసే కమాండ్) కొట్టకపోయుంటే స్విచ్ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి, పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. కొట్టేసుంటే స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ తీసుకుని బండెక్కాల్సిందే. ఇకమీదట దూరంనుంచి ట్రంక్ ముట్టుకునే ముందు రీలోడ్ ఇన్ 10 అని కొట్టండి, సేవ్ చెయ్యమంటావా అని అడిగితే నో. లైన్ పోతే పది నిమిషాలకి స్విచ్ దానంతటదే రీస్టార్ట్ అయి పాతదానికి వస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్. ఇది మరిచిపోతే మాత్రం పట్టపగలు స్విచ్ పడిపోతుంది, మామూలు పీఓఈ (నెట్ కేబుల్లోనే కరెంటు ఇచ్చే) స్విచ్ అయితే దాని మీదున్న ఫోన్లన్నీ కూడా.

సరే, ఫోన్ పోర్టు. వీల్యాన్లు చెయ్యడం, డీహెచ్‌సీపీ స్కోప్ (ఐపీలు పంచేది), ఇవి చెప్పను, మీకు వచ్చు. నా పద్ధతి ఏందంటే డేటా (పీసీల) వీల్యాన్ 20 అయితే వాయిస్ (ఫోన్ల) వీల్యాన్ 120, డేటా 30 అయితే వాయిస్ 130, రాత్రి పూట ఫోన్ చేసి అడిగినా నోటికొచ్చేస్తుంది.

ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగ్ 1/0/1 - 24
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీల్యాన్ 20
స్విచ్‌పోర్ట్ వాయిస్ వీల్యాన్ 120
స్పానింగ్ ట్రీ పోర్ట్‌ఫాస్ట్
పవర్ ఇన్‌లైన్ ఆటో

వాయిస్ వీల్యాన్ పెడితే పోర్ట్‌ఫాస్ట్ (పోర్టు ఆగకుండా వెంటనే పనిచెయ్యడానికి) దానంతటదే వస్తుంది, అయినా నేను కొడతా, తర్వాత చూసేవాడికి అర్థమవ్వాలి కదా. ఫోనుకి 802.1క్యూ ట్యాగ్ (ఏ వీల్యానో చెప్పే గుర్తు) కావాలి కదా అని ఈ పోర్టుని ట్రంక్ చేసేవాళ్ళు ఉండారు, నాకు అది నచ్చదు. ఆ ఫోను పీకి ఎవడన్నా ల్యాప్‌టాప్ పెడితే వీల్యాన్లన్నీ వాడి ముందుంటాయి. యాక్సెస్ మోడ్‌లోనే ఫోను 120 ట్యాగ్ వేసుకుని పంపుతుంది, ఫోను వెనక తగిలించిన పీసీ ట్యాగ్ లేకుండా పంపితే 20లో పడుతుంది. షో వీల్యాన్ బ్రీఫ్‌లో ఒకే పోర్టు రెండు చోట్ల కనపడితే కంగారు పడబాకండి, అట్టానే కనపడాలి.

ఫోనుకి 120 అని ఎవరు చెప్తారు? స్విచ్చే. సిస్కో ఫోన్ అయితే సీడీపీలో వింటుంది. మన దగ్గర జాస్తిగా పెట్టేది యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్, అవి ఎల్ఎల్‌డీపీలో (సీడీపీ లాంటిదే, అన్ని కంపెనీలకీ పనిచేసేది) వింటాయి, అది సిస్కో స్విచ్‌లలో చాలావాటిల్లో ముందే ఆన్ అయి ఉండదు. గ్లోబల్‌లో ఎల్ఎల్‌డీపీ రన్ అని ఒక్కసారి కొట్టండి. ఫోనుకి 20లో ఐపీ వచ్చి కూర్చుందంటే నూటికి తొంభైపాళ్ళు ఇదే. పోర్ట్ సెక్యూరిటీ (ఒక పోర్టులో ఎన్ని పరికరాల మ్యాక్ అడ్రసులు రావచ్చో హద్దు) పెట్టేవాళ్ళు మ్యాగ్జిమం 3 పెట్టుకోండి, ఫోను మ్యాక్ ముందు డేటాలో కనపడి తర్వాత వాయిస్‌లోకి పోవచ్చు, మూడోది పీసీ.

ఇక కరెంటు. స్విచ్ గుడ్డిగా పంపదు, ముందు అవతల 25 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉందా అని చూసి, క్లాస్ (ఎన్ని వాట్లు కావాలో చెప్పే తరగతి) అడిగి, అప్పుడు ఇస్తుంది. 2003లో వచ్చిన ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణంలో పోర్టు దగ్గర 15.4 వాట్లు, అవతల చేరేది 12.95. 2009 ఏటీలో 30, చేరేది 25.5. 2018 బీటీలో 90 దాకా. మధ్యలో పోయేది కేబుల్లో వేడి. అందుకే రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా వస్తుందని తేబాకండి, దాని రెసిస్టెన్స్ జాస్తి. డెబ్బై ఎనభై మీటర్ల అవతల గేటు కెమెరా పగలంతా బాగుండి, చీకటి పడి ఐఆర్ లైట్లు వెలగ్గానే రీస్టార్ట్ అవుతా ఉంటే ముందు ఆ కేబుల్ గీకి చూడండి.

స్విచ్ కరెంటు బడ్జెట్ దగ్గర అందరూ పోర్టులు లెక్కపెడతారు, వాట్లు లెక్కపెట్టరు. 48 పోర్టుల స్విచ్, 370 వాట్లు అనుకోండి. క్లాస్ 2 ఫోను ఒక్కోదానికి 7 వాట్లు, 40 ఫోన్లకి 280. మిగిలింది 90. క్లాస్ 3 కెమెరాలు 15.4 చొప్పున ఐదు పెడితే 77. ఆరో కెమెరా పెట్టబోతే షో పవర్ ఇన్‌లైన్‌లో పవర్ డినై (కరెంటు ఇవ్వను) అని వస్తుంది. పోర్టు ఖాళీగానే ఉంది, కరెంటే లేదు. ఆ కెమెరా నిజంగా తాగేది 6 వాట్లే కావచ్చు, కానీ క్లాసుని బట్టి స్విచ్ 15.4 పక్కన పెట్టేస్తుంది. అప్పుడు ఆ పోర్టు కింద పవర్ ఇన్‌లైన్ కన్సంప్షన్ 8000 అని మిల్లీవాట్లలో చెప్పొచ్చు, అయితే రాత్రి ఐఆర్ వెలిగినప్పటి వాటేజి చూసి చెప్పండి, పగటిది కాదు. ఆటో మ్యాక్స్ 8000 అని కొడితే వేరే కథ, క్లాస్ 3 అంతకంటే ఎక్కువ అడుగుతుంది కాబట్టి అసలు ఇవ్వదు. ఏ కెమెరా ఏమైనా పర్లేదు, రిసెప్షన్ ఫోను మాత్రం పోకూడదు అంటే ఆ పోర్టుకి పవర్ ఇన్‌లైన్ స్టాటిక్, దాని వాటా ముందే తీసి పెడుతుంది.

యూపీఎస్ సంగతి కూడా. 600 వీఏ అని రాసున్న డబ్బా సుమారు 360 వాట్లు ఇస్తుంది. మే నెలలో కరెంటు పోయినప్పుడు 370 వాట్ల స్విచ్ నిండా లోడ్ పెట్టి దాని మీద ఆనుకుంటే ఓవర్‌లోడ్ అని అరిచి పడుకుంటుంది.

ప్రాక్టీసు. కావలిలో మూడంతస్తుల ఆసుపత్రి అనుకోండి, అంతస్తుకో స్విచ్ కొనే డబ్బుల్లేవు, రెండే ఉండాయి, ఒకటి 48 పోర్టులు 370 వాట్లు, ఇంకోటి 24 పోర్టులు 195 వాట్లు. క్లాస్ 2 ఫోన్లు 26, క్లాస్ 3 కెమెరాలు 9, క్లాస్ 4 వైఫై ఏపీలు (యాక్సెస్ పాయింట్లు) 4, ఒక్కోదానికి 30 వాట్లు. ఏ స్విచ్ పడిపోయినా ప్రతి అంతస్తులో కనీసం రెండు ఫోన్లు మోగాలి, ఐసీయూ కెమెరా ఎప్పుడూ పవర్ డినైకి పోకూడదు. రెండు స్విచ్‌ల పోర్టు కాన్ఫిగ్ మొత్తం, రెండింటి మధ్య ట్రంక్ లైనుతో సహా కాగితం మీద రాసి ఫోటో పెట్టండి. ట్రంక్ లైను నేను ముందు చూస్తా.