కవాయిలో పక్షిపిల్లలు సముద్రానికి ఎగిరే కాలం: ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా హవాయిలోని కవాయి దీవిలో ఉండేవాళ్లూ, సెలవులకు అక్కడికి వెళ్లేవాళ్లూ రాత్రి లైట్ల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. న్యూవెల్స్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షి పిల్లలు కొండల్లోని బొరియల్లోంచి మొదటిసారి బయటికొచ్చి సముద్రం వైపు ఎగిరే రోజులివి. అక్కడివాళ్లు ఈ పక్షిని 'అఓ' అంటారు. ప్రపంచం మొత్తం మీద ఉన్న అఓ పక్షుల్లో దాదాపు 90 శాతం కవాయిలోనే గూడు పెడతాయి. రాడార్ లెక్కల ప్రకారం 1993, 2013 మధ్య వీటి సంఖ్య 94 శాతం పడిపోయింది. జంటకు ఏడాదికి గుడ్డు ఒక్కటే. ఆ ఒక్క పిల్లా వీధిలైటు కింద పడి పోతే ఏడాదంతా పడ్డ కష్టం పోయినట్టే.

పిల్లలు చీకటి పడ్డాకే బయల్దేరతాయి. చంద్రుడు, చుక్కల వెలుతురే వాటికి దారి. మధ్యలో ఫ్లడ్‌లైటు కనిపిస్తే దాని చుట్టూ తిరిగి తిరిగి, అలిసిపోయి నేల మీద పడతాయి. అమావాస్య దగ్గర్లో ఈ బెడద ఎక్కువ. అందుకే బయటి లైట్లు ఆపేయండి. తప్పనిసరైతే వెలుతురు కిందికి మాత్రమే పడేలా పైన కప్పు ఉన్న లైటు పెట్టండి. కర్టెన్లు వేయండి. అద్దె ఇంట్లో దిగితే మొదటి రోజే వరండా లైటు స్విచ్ ఎక్కడుందో చూసుకోండి, పడుకునేముందు మర్చిపోయేది దాన్నే.

కారులో గాలి రంధ్రాలున్న అట్టపెట్టె, పాత టవల్ పెట్టుకోండి. పడ్డ పిల్లకు గాయం లేకపోయినా చదునైన నేల మీద నుంచి లేవలేదు. దాని కాళ్లు ఒంటికి బాగా వెనకగా ఉంటాయి, రెక్కలు పొడుగు. రోడ్డు వారన రెక్కలు టపటపా కొట్టుకుంటూ కనిపిస్తుంది. వెనక నుంచి టవల్ కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో ఎత్తి పెట్టెలో పెట్టండి. ముక్కు కొస వంకీలా ఉంటుంది, పొడుస్తుంది, చేయి జాగ్రత్త. నీళ్లు పట్టకండి, తిండి పెట్టకండి. జాలిపడి గాల్లోకి అస్సలు విసరకండి. చల్లగా, నిశ్శబ్దంగా ఉన్నచోట ఉంచి, వీలైనంత త్వరగా 'సేవ్ అవర్ షియర్‌వాటర్స్' కేంద్రానికి చేర్చండి. 1979 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఇది. కొన్ని ఫైర్ స్టేషన్ల దగ్గర కూడా పక్షులను తీసుకుంటారు. ఎక్కడ దొరికిందో కచ్చితంగా చెప్పండి.

పెంపుడు పిల్లిని ఇంట్లోనే ఉంచండి. వీధిపిల్లుల కోసం బయట తిండి పెడితే పక్షుల పక్కనే వేటగాళ్లను పోషించినట్టు. కవాయిలోని కిలావెయా పాయింట్ రెఫ్యూజ్‌లో (వన్యప్రాణుల రక్షిత ప్రాంతం) 2014లో కట్టిన కంచె ప్రత్యేకంగా పిల్లులు, ఎలుకలు దూరకుండా కట్టిందే.

అదే రెఫ్యూజ్‌లో దారి దిగి నడవకండి. వెడ్జ్-టెయిల్డ్ అనే మరో రకం షియర్‌వాటర్లు దారి పక్కనే మట్టిలో బొరియలు తవ్వుకుంటాయి, పిల్ల లోపల ఉండగానే పాదం బరువుకు కప్పు కూలిపోవచ్చు. డ్రోన్ వద్దు. అడవి బాటలకు వెళ్తుంటే బూట్ల మట్టి బ్రష్‌తో దులిపి, 70 శాతం ఆల్కహాల్ కొట్టండి, అక్కడి అడవుల్లోని ఓహియా చెట్లను చంపే బూజు మట్టితో కూడా పాకుతుంది.

'నేనే' అని పిలిచే హవాయి పెద్దబాతులకు కూడా చేత్తో ఏమీ పెట్టకండి. అలవాటుపడితే రోడ్ల మీదికి వస్తాయి. ఒకటి రోడ్డు దాటుతుంటే బండి ఆపి, వెనక జంట కూడా వస్తోందేమో చూసి కదలండి.