పాత ఇంటికి కొత్త వైరింగ్: పెట్టెలు విప్పడం నుంచి టెస్టింగ్ దాకా ఎలా చేయించాలి?

మా అమ్మ వాషింగ్ మెషిన్ దగ్గరికి వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకునేది. "కాస్త జివ్వుమంటుందిరా, అంతే" అనేది. ఒకరోజు ఆ సాకెట్టు పెట్టె విప్పించాను. ముందు వైపు మూడు రంధ్రాలున్నాయి. వెనక వచ్చినవి మాత్రం రెండే వైర్లు. లీకైన కరెంటును నేలలోకి పంపాల్సిన ఎర్త్ పిన్ను ఉత్త అలంకారం. వైరు మీది రబ్బరు ఎండిన చింతకాయ పెంకులా చేతిలో పొడైపోయింది. ఇల్లంతా వైరింగ్ మార్చాలని ఆ రోజే నిర్ణయించుకున్నాం.

మీ ఇంట్లో గోడల మీద చెక్క పట్టీల వైరింగ్, అల్యూమినియం తీగలు, పింగాణీ ఫ్యూజులు ఉంటే మీరూ ఆలోచించాల్సిందే. అల్యూమినియం వైరు జాయింట్ల దగ్గర వదులై వేడెక్కుతుంది. అప్పట్లో నాలుగు బల్బులకీ రెండు ఫ్యాన్లకీ వేసిన తీగ మీదే ఈ రోజు ఏసీ నడుస్తోంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది సొంతంగా చేసుకునే పని కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తోనే చేయించాలి, నిబంధన కూడా అదే. లెక్క రాయడం, సామాను దగ్గరుండి కొనడం, పని జరిగేటప్పుడు కళ్లప్పగించి చూడడం మాత్రం మీ వంతు.

మొదట కాగితం మీద లెక్క

గది గదికీ తిరిగి ఏ వస్తువు ఎక్కడ పెడతారో రాయండి. గీజరు 2000 వాట్లు అనుకుంటే 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఇలా అన్నీ కూడితే మీకు మంజూరైన లోడు దాటుతుందేమో తెలుస్తుంది. దాటితే పని మొదలుపెట్టకముందే డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి.

వైరు కొనడం

లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, ఏసీకి ఒకటి, గీజరుకు ఒకటి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించండి. మీటరు నుంచి బోర్డుకు ఎంత సైజో మొత్తం లోడును బట్టి కాంట్రాక్టర్ చెబుతాడు. ఐఎస్ఐ ముద్ర చూడకుండా ఏ కాయిలూ తీసుకోవద్దు. ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) ఎరుపు, పసుపు, నీలంలో ఒకటి, న్యూట్రల్‌కు (తిరిగి వెళ్లే తీగకు) నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. బిల్లులో ఆకుపచ్చ కాయిళ్లు తగినన్ని ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. ఖర్చు తగ్గించాలంటే ముందు కోత పడేది వాటికే.

గోడను బట్టి పని

సిమెంటు గోడైతే సుద్దతో గీత గీసి, కట్టర్‌తో నిలువుగా గాడి తీయించి పైపులు వేయించవచ్చు. అడ్డంగా పొడుగాటి గాడి తీస్తే గోడ బలం తగ్గుతుంది. మట్టితో కట్టిన పాత గోడలను మాత్రం అస్సలు కొట్టించవద్దు, పైన పీవీసీ కేసింగ్ పట్టీ వేయిస్తే సరిపోతుంది. పూత పూసేముందు ప్రతి గాడి పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీసుకోండి. రేపు మేకు కొట్టాల్సి వస్తే ఆ ఫోటోనే దిక్కు.

పాత వైరు ముట్టుకునే ముందు

ఇక్కడ ఎంత జాగ్రత్తైనా ఎక్కువ కాదు. పాత ఇళ్లలో ఫేజుకీ న్యూట్రల్‌కీ రెండింటికీ ఫ్యూజులు ఉండేవి. న్యూట్రల్ ఫ్యూజు పోయినా లైటు వెలగదు. కరెంటు లేదనుకుంటాం, కానీ తీగలో ఫేజు అలాగే ఉంటుంది. కొన్నిచోట్ల స్విచ్చు న్యూట్రల్ మీద ఉంటుంది, స్విచ్ ఆఫ్ చేసినా హోల్డరు షాక్ కొడుతుంది. అందుకే మెయిన్ ఆఫ్ చేసినా ప్రతి తీగకూ టెస్టర్ పెట్టాకే చెయ్యి పెట్టాలి. మీటరు సీలు మీరు గానీ మీ ఎలక్ట్రీషియన్ గానీ తాకకూడదు. అటువైపు సప్లై ఆపాలంటే లైన్‌మన్‌ను పిలవాల్సిందే.

కొత్త బోర్డు

1.5 వైరుకు 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే ఆఫ్ అయ్యే, అంటే 'పడిపోయే' స్విచ్చు), 2.5కు 16, 4కు 20 పెట్టిస్తే చాలు. ఊరికే పడిపోతోందని పెద్ద ఎంసీబీ మార్చితే, కాలేది గోడలోని వైరే. మనిషికి షాక్ కొడితే ఎంసీబీ పడదు, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉండాలి. పాత ఇళ్లలో దీనికో చిక్కుంది: రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు ఎక్కడో కలిసిపోయి ఉంటే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంటుంది. అప్పుడు చాలామంది దాన్నే పీకేస్తారు. అది చాలా ప్రమాదం. ప్రతి సర్క్యూట్ న్యూట్రల్ విడిగా బోర్డుకు రావాలని, పైపుల మధ్యలో జాయింట్లు ఉండకూడదని ముందే గట్టిగా చెప్పండి. ఇన్వర్టర్ లైను న్యూట్రల్ ఎక్కడ కలుస్తుందో కూడా అప్పుడే తేల్చుకోండి.

ఎర్త్

ఇంటి పక్కన గొయ్యి తీసి, రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. అక్కడి నుంచి ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్టుకీ చేరాలి. సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ ముక్క వైరు కలిపేసి "ఎర్త్ ఉంది" అనే వాళ్లున్నారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్ బాడీకి నేరుగా కరెంటు వస్తుంది. నీళ్ల పైపుకు ఎర్త్ కలపడం కూడా తప్పే. వేసవిలో ఆ గొయ్యిలో వారానికోసారి బకెట్ నీళ్లు పోయండి.

డబ్బు చెల్లించేముందు

500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు మీది పూత కరెంటును ఎంత బాగా ఆపుతుందో కొలిచే పరికరం) ఇన్సులేషన్ చూపించమనండి, కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ఎర్త్ రెసిస్టెన్స్ కూడా కొలిపించండి. మా ఇంట్లో పని అయిన మర్నాడే వాషింగ్ మెషిన్ ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోయింది. వైరింగ్ తప్పేమోనని టెన్షన్ పడ్డాం. మెకానిక్ విప్పి చూస్తే మోటారు వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. అమ్మకు ఇన్నాళ్లూ జివ్వుమన్నది అదే.

ఆర్‌సీసీబీ మీద 'టి' అనే చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే వెంటనే పడిపోవాలి, పడకపోతే మార్పించాలి. మా ఇంట్లో నెలనెలా కరెంటు బిల్లు వచ్చిన రోజున అమ్మే దాన్ని నొక్కి చూస్తుంది.