పెరటి కుళాయి దగ్గర సబ్బునీళ్ల సీసా

పెరట్లో కుళాయి గట్టు మీద పెట్టిన సబ్బు నానిపోవడమో, కాకి ఎత్తుకుపోవడమో జరుగుతుండటంతో, మా పిల్లలు భోజనానికి ముందు ఉత్త నీళ్లతో చేతులు తడుపుకుని వచ్చేసేవారు. ఇప్పుడు ఒకటిన్నర లీటరు ఖాళీ సీసాలో బట్టలుతికే పొడి 30 గ్రాములు వేసి, నీళ్లు నింపి, నురగ పొంగకుండా మెల్లగా కలిపి, మూతకు కాల్చిన మేకుతో చిన్న రంధ్రం చేసి, మెడకు తాడు కట్టి కుళాయి పక్కన వేలాడదీస్తున్నాము. సీసాను వంచి నొక్కితే అరచేతిలోకి కొద్దిగా సబ్బునీరు వస్తుంది. దానితో వేళ్ల సందులు, గోళ్ల అంచులు, ముఖ్యంగా అందరూ మరిచిపోయే బొటనవేళ్లు 20 సెకన్ల పాటు రుద్దుకుని, మంచినీళ్లతో కడుక్కుంటే చాలు. కాకులకు మాత్రం ఇది నచ్చినట్లు లేదు.

చేతులకు పగుళ్లు, పుండ్లు, దురద ఉన్నవారికి ఈ పొడి మంట పుట్టిస్తుంది కనుక వారు స్నానపు సబ్బునే వాడాలి. తాగునీరనుకుని ఎవరూ పొరబడకుండా సీసా మీద పెద్ద అక్షరాలతో ‘సబ్బునీళ్లు’ అని రాసి, చదవడం రాని పసిపిల్లలకు అందని ఎత్తులో కట్టాలి.