బెలూన్ బొమ్మలు పగిలినా, ఊడినా, వాలినా: కారణం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

పార్టీకి రెండు గంటల ముందు సింహం జూలు టపటపా పగిలిపోతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు బాగా తెలుసు. అప్పుడు చాలామంది ఇంకో బెలూన్ తీసుకుని, అదే పద్ధతిలో, ఇంకాస్త కంగారుగా మళ్లీ మొదలుపెడతారు. అదీ పగులుతుంది. నా అనుభవంలో బెలూన్ బొమ్మల ఇబ్బందుల్లో ఎక్కువ భాగం చేతి నేర్పు వల్ల వచ్చేవి కావు. లోపల ఎంత గాలి ఉంది, మెలిపెట్టినప్పుడు ఆ గాలి ఎటు పోతుంది, చుట్టూ వేడి మారితే అది ఏమవుతుంది, అసలు సంగతంతా ఇక్కడే ఉంటుంది. అందుకే ఏ తేడా వచ్చినా ముందు గాలిని అనుమానించండి, వేళ్లను తర్వాత.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ట్విస్టింగ్ బెలూన్ల (మెలిపెట్టి బొమ్మలు చేసే సన్నని పొడవాటి బెలూన్ల) పేర్లలోనే కొలత ఉంటుంది. 260 అంటే నిండా ఊదితే 2 అంగుళాల మందం, 60 అంగుళాల పొడవు. 160 అంటే 1 అంగుళం మందం, అదే పొడవు. 350 అంటే 3 అంగుళాల మందం, 50 అంగుళాల పొడవు.

మెలిపెడుతుండగానే పగిలిపోతోంది

ముందు గుర్తు తెచ్చుకోండి: సరిగ్గా ఏ క్షణంలో పగిలింది? కారణం ఆ సమాధానంలోనే ఉంటుంది.

మొదటి రెండు మూడు మెలికల్లోనే పగిలితే బెలూన్ మరీ బిగువుగా ఉందని అర్థం. పంపుతో ఊదడం ఆపిన వెంటనే ముడి వేసేయకండి. మూతి దగ్గర వేళ్లు కాస్త సడలించి, 'ఉస్స్' అని ఒక్క క్షణం గాలి వదిలి, అప్పుడు ముడి వేయండి. ఈ చిన్న అలవాటు మూతి దగ్గరి రబ్బరును మెత్తబరుస్తుంది. నా చేతిలో పగిలే బెలూన్లు సగానికి సగం తగ్గింది దీనివల్లే.

అన్నీ బాగా వచ్చి, చివరి కాలో తోకో చేసేటప్పుడు పగిలితే తప్పు మొదట్లోనే జరిగింది. చివర్లో ఊదకుండా వదిలిన భాగం, అంటే తోక, చాల్లేదు. బెలూన్‌ను ఒకచోట మెలిపెడితే అక్కడున్న గాలి మాయమైపోదు, ముందుకు జరుగుతుంది. ఒక్కో మెలికకు తోక కొంచెం కొంచెం నిండుతూ వస్తుంది. తోక పూర్తిగా నిండిపోయాక గాలికి వెళ్లే దారి ఉండదు. ఇక తర్వాతి మెలిక బెలూన్‌ను పగలగొట్టేస్తుంది. మామూలు కుక్కపిల్లలో ముక్కు, రెండు చెవులు, మెడ, రెండు ముందు కాళ్లు, నడుము, రెండు వెనక కాళ్లు, తోక కలిపి పది బుడగలు (రెండు మెలికల మధ్య ఉబ్బిన భాగమే బుడగ). దానికి 4 అంగుళాలు ఊదకుండా వదిలితే సరిపోతుంది. చిన్న చిన్న బుడగలు వరసగా వచ్చే జూలుకూ పువ్వుకూ ఇంకా ఎక్కువ వదలాలి. కొత్త బొమ్మ మొదటిసారి చేస్తున్నారా? బెలూన్‌లో సగం ఊదకుండా వదిలి మొదలుపెట్టండి. పని అయ్యాక ఎంత మిగిలిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. మిగిలిపోయిన తోకను ముడేసి కత్తిరిస్తే సరి. చాలకపోతే మాత్రం చేయగలిగింది ఏమీ లేదు.

పగిలే ముందు కిర్రుమని చప్పుడు వస్తోందా? రెండు బుడగలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మెలితిప్పేటప్పుడు రెండు బుడగలనూ కాస్త ఎడంగా లాగి పట్టుకోండి. గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసేయండి. చేతికి క్రీమ్, నూనె ఉంటే కడుక్కోండి. నూనె సహజ రబ్బరును మెత్తబరిచి బలహీనం చేస్తుంది.

ఊదుతుండగానే పగిలిపోతున్నాయంటే ఆ ప్యాకెట్ పాతబడింది. వెలుతురు, వేడి, ఎలక్ట్రిక్ మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్, ఈ మూడూ రబ్బరుకు శత్రువులు. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరబడని సంచిలో పెట్టి, చల్లని చీకటి అరలో ఉంచండి. పాతబడిన ప్యాకెట్‌ను ప్రాక్టీసుకు వాడుకోండి, ఈవెంట్‌కు మాత్రం తీసుకెళ్లకండి.

చేసిన బుడగలు విప్పుకుపోతున్నాయి

ఒక్క మెలికతో చేసిన బుడగ మీరు పట్టుకున్నంతసేపే నిలుస్తుంది, వదిలితే విప్పుకుంటుంది. అది తప్పు కాదు, దాని స్వభావమే అంత. రెండు బుడగల్ని మడిచి, వాటి మొదళ్లను కలిపి తిప్పే లాక్ ట్విస్ట్ వేసేదాకా మొదటి బుడగనూ చివరి బుడగనూ ఒకే చేత్తో పట్టుకుని ఉండాలి. మధ్యలోవి వాటంతటవే నిలుస్తాయి.

ఇంకో కారణం దిశ. ఒక బుడగను కుడికి, తర్వాతిదాన్ని ఎడమకు తిప్పితే రెండోది మొదటిదాన్ని విప్పేస్తుంది. ఎటు మొదలుపెట్టారో అటే, ప్రతి బుడగకూ కనీసం మూడు చుట్లు తిప్పండి.

చెవి నిలబడదు, పక్కకు జారిపోతుంది

సింహం, ఎలుగుబంటి, పిల్లి, ఏ థీమ్ తీసుకున్నా చెవులు పించ్ ట్విస్ట్‌తోనే వస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నిమ్మకాయంత బుడగ చేయండి. వెంటనే తిప్పేయకండి. బొటనవేలూ చూపుడువేలుతో దాన్ని ఒకసారి నొక్కి చూడండి. గట్టిగా, గోలీలా ఉంటే ఆ చెవి నిలవదు, లేదా పగులుతుంది. దాన్ని విప్పేసి, కొంచెం గాలిని ముందుకు నెట్టి, వేలు లోపలికి దిగేంత మెత్తగా మళ్లీ చేయండి. ఇప్పుడు ఆ బుడగకు రెండువైపులా ఉన్న మెలికల్ని దగ్గరకు తెచ్చి, బుడగను మాత్రం వరసలోంచి పైకి లాగండి. పట్టు వదలకుండా మూడు చుట్లు తిప్పండి. రెండో చుట్టులో వేళ్లకు కాస్త ఎదురు తగులుతుంది, మూడో చుట్టుకు బుడగ టక్కున కూర్చుంటుంది. వదిలి చూడండి, రెండు మెలికలూ ఒకే బిందువు దగ్గర కలిసిపోయి, బుడగ గుండ్రంగా పక్కకు నిలబడి ఉంటుంది. అలా రాకుండా వంతెనలా వంగి ఉంటే చుట్లు చాల్లేదు. ఒక చెవి పెద్దది, ఒకటి చిన్నది అయితే రెండు బుడగల్నీ ముందే పక్కపక్కన చేసి, పోల్చి చూసుకుని, ఆ తర్వాతే తిప్పండి.

దగ్గర్నుంచి బాగుంది, దూరం నుంచి ఏమిటో అర్థం కావడం లేదు

థీమ్ బొమ్మలకు అసలు పరీక్ష ఇదే. బొమ్మను గోడకు ఆనించి పది అడుగులు వెనక్కి రండి. ఫోన్‌లో ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపుకు మార్చండి. అందులోనూ అది ఏనుగని తెలిస్తే బొమ్మ పాసైనట్టే. తెలియకపోతే రంగులు అదనంగా చేర్చినా ప్రయోజనం ఉండదు, ఆకారాన్ని సరిచేయాలి. ఏనుగుకు తొండమూ చెవులూ ఎంత పెద్దవైతే అంత మంచిది, గోళ్లూ కనురెప్పలూ లేకపోయినా నష్టం లేదు. రాకెట్‌కు మొన, కింది రెక్కలు. ఆక్టోపస్‌కు తల కన్నా చేతులే ముఖ్యం. ప్రతి బొమ్మలోనూ ఒకటి రెండు భాగాలే ఆ బొమ్మకు పేరు పెడతాయి. వాటిని 350తో లావుగా చేసి, మిగతాది 260తో, చిన్న వివరాలు 160తో కానివ్వండి.

రంగు తేడా వస్తోందంటే ప్యాకెట్‌లో చూసిన రంగును నమ్మారని అర్థం. ఊదే కొద్దీ రబ్బరు పలచబడి రంగు వెలుస్తుంది. రంగులు ఎంచుకునేటప్పుడు ఒక్కోటి ఊది, పక్కపక్కన పెట్టి చూడండి. దొరకని రంగు కావాలంటే ఒక బెలూన్ లోపల ఇంకోటి దూర్చి ఊదండి. లోపల ముదురు రంగు, బయట లేత రంగు పెడితే మృదువైన మధ్యరకం రంగు వస్తుంది. శ్రమే కానీ, ఫొటోల్లో ఆ తేడా తెలుస్తుంది.

కాలమ్ వంకరగా ఉంది, స్పైరల్ తెగిపోయింది

కాలమ్ అంటే నాలుగేసి గుండ్రటి బెలూన్ల గుత్తులు ఒకదానిపై ఒకటి పేర్చడం. పై గుత్తిలోని బెలూన్ కింది రెండింటి సందులో కూర్చుంటుంది. అందుకే ఒక్క బెలూన్ అర అంగుళం తేడాగా ఉన్నా పైవన్నీ ఆ వైపు ఒరుగుతాయి. కంటి అంచనాతో ఊదడం ఆపండి. అట్టపెట్టెకు కావలసిన వ్యాసంలో గుండ్రంగా రంధ్రం కోసి, ప్రతి బెలూన్‌నూ అందులో పెట్టి చూడండి, అంచులకు తగిలీ తగలనట్టు ఉండాలి. 11 అంగుళాల బెలూన్‌ను 9 దాకానే ఊదితే చక్కగా గుండ్రంగా ఉంటుంది. నిండా ఊదితే మెడ దగ్గర సాగి బల్బు ఆకారం వస్తుంది, సందులో సరిగా కూర్చోదు.

స్పైరల్, అంటే కాలమ్ చుట్టూ మెలికలా పైకెక్కే రంగుల చార, తెగితే ఎక్కడో ఒక గుత్తిలో రంగుల వరస మారింది. అన్ని గుత్తుల్లోనూ రంగులు ఒకే క్రమంలో, ఒకే దిశలో ఉండాలి. ఇక మొత్తం కాలమే ఊగుతుంటే అడుగున బరువు పెంచండి.

గార్లాండ్ (బెలూన్ల దండ) పలచగా, పూసలదండలా కనిపిస్తోంది

అన్నీ ఒకే సైజు వాడారు. 5, 11, 18 అంగుళాలవి కలపండి. చిన్నవాటిని గ్లూ డాట్స్‌తో (చుక్కల్లాంటి జిగురు బిళ్లలతో) సందుల్లో అతికించండి.

ఎండలో పెట్టాక పగిలిపోతున్నాయి, మసకబారుతున్నాయి

20 డిగ్రీల గదిలో నింపిన గాలి 40 డిగ్రీలకు చేరితే దాని పరిమాణం దాదాపు 7 శాతం పెరగాలని చూస్తుంది. అప్పటికే బిగువుగా ఉన్న బెలూన్‌లో దానికి చోటేది? ముదురు రంగులు ఎండను ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి ముందు అవే పోతాయి. బయట పెట్టే బొమ్మలకు లేత రంగులు ఎంచుకుని, మామూలు కన్నా ఒక అంగుళం తక్కువ ఊదండి. కుదిరితే నీడలో పెట్టండి. పచ్చిక మీద నేరుగా పెట్టకండి, గడ్డి మొనలు గుచ్చుకుంటాయి.

ఒకసారి ఉదయమే కాలమ్‌లు నిలబెట్టి వచ్చేశాను. అప్పుడు లైట్లన్నీ ఆపేసి ఉన్నాయి. సాయంత్రం లైట్లు వేశాక పై గుత్తిలోని నాలుగూ ఒకటి తర్వాత ఒకటి పేలిపోయాయి. వాటికి జానెడు దూరంలోనే వేడెక్కే పెద్ద లైటు ఉంది, నేను తల ఎత్తి చూడలేదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు లైట్లన్నీ వేయించి, చెయ్యి పెట్టి వేడి చూసుకున్నాకే చోటు నిర్ణయిస్తున్నాను.

మెరుపు పోయి, పైన బూడిద పొర పట్టినట్టుంటే అది ఆక్సీకరణం. ఎండా గాలీ తగిలితే రబ్బరు అలాగే అవుతుంది. పూర్తిగా ఆపలేం కానీ ఆలస్యం చేయవచ్చు. బయటి అలంకరణను వీలైనంత ఆలస్యంగా బయటికి తేవడమే మార్గం.

ఏసీ గదిలోకి తెచ్చిన ఫాయిల్ అంకె (రేకులాంటి మెరిసే పొరతో చేసిన అంకె బెలూన్) ముడతలు పడింది

గాలి కారిపోలేదు, చల్లబడి కుంచించుకుంది. కంగారుపడి మళ్లీ నింపితే తర్వాత వేడిలోకి తీసుకెళ్లగానే అంచు అతుకు చీలుతుంది, ఎందుకంటే ఫాయిల్ రబ్బరులా సాగదు. ఏ గదిలో పెడతారో ఆ గదిలోనే నింపండి.

హీలియం బెలూన్లు పొద్దున్నకి నేల మీదున్నాయి

హీలియం అణువులు చాలా చిన్నవి, రబ్బరులోంచి మెల్లగా బయటికి పోతాయి. 11 అంగుళాల మామూలు బెలూన్ సుమారు 12 నుంచి 20 గంటలే తేలుతుంది. ముందు రోజు రాత్రి నింపకండి. పైగా ట్విస్టింగ్ బొమ్మల్లో హీలియం వాడటం దండగ. ఒక లీటరు హీలియం ఎత్తగలిగేది దాదాపు ఒక గ్రాము మాత్రమే, 260లో పట్టేది చాలా తక్కువ. తేలాల్సిన చోట హీలియం, నిలబడాల్సిన చోట మామూలు గాలి వాడండి.

బెలూన్లు లోపల అంటుకుపోయి ఊదడానికి రావడం లేదు

వేడిలో నిలవుంచితే ఇలా అవుతుంది. 1824లో మైకేల్ ఫారడే తన వాయువుల ప్రయోగాల కోసం రెండు రబ్బరు పొరల అంచులు అతికించి బెలూన్ చేసినప్పుడు, లోపలి గోడలు అతుక్కోకుండా పిండి చల్లాడు. ఇప్పటి బెలూన్లలో కనిపించే పొడి పని కూడా అదే. ఊదే ముందు బెలూన్‌ను రెండు మూడుసార్లు మెల్లగా సాగదీసి, మూతి దగ్గర వేళ్లతో నలిపితే చాలావరకు విడిపోతాయి.

చిన్నపిల్లల పార్టీ

పగిలిన ముక్కలు నోట్లోకి వెళితే గొంతుకు అడ్డంపడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. 8 ఏళ్లలోపు పిల్లలకు ఊదని బెలూన్లు ఇవ్వకండి. ఒక్కటి పగిలినా, చేస్తున్న పని ఆపి ముక్కలన్నీ మీరే ఏరండి. బుకింగ్ మాట్లాడేటప్పుడే ఎవరికైనా లేటెక్స్ (బెలూన్ రబ్బరు) అలర్జీ ఉందా అని అడగండి. ఉందంటే ఆ పార్టీ మొత్తం ఫాయిల్‌తోనే చేయండి.

అంతా పూర్తయ్యాక మధ్యలో ఒకటి పగిలింది

బొమ్మను విప్పకండి. గుండ్రటి బెలూన్ పగిలితే అదే రంగుది సగమే ఊది, ముడిని సందులోకి దూర్చి, పక్కవాటి మెడకు చుట్టండి. మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ ఆకారం అదే తెచ్చుకుంటుంది. 260లో ఒక బుడగ పోతే రెండువైపులా మెలికల్ని వెంటనే పట్టుకుని, వేలాడుతున్న రబ్బరు కొనలను ముడేసి, అదే రంగు 260తో విడిగా ఒక బుడగ చేసి అక్కడ కట్టండి. ఇందుకోసం వాడిన ప్రతి రంగులోనూ నాలుగైదు బెలూన్లు, చిన్న చేతిపంపు, కత్తెర ఒక సంచిలో వేసి, పార్టీ అయ్యేదాకా ఆ బొమ్మ దగ్గరే ఉంచండి.