విమానంలో వైఫై ఉంది, నెట్ రాదు: ఎక్కడ ఆగింది?

సమస్య: వైఫై పేరే కనిపించట్లేదు

ఫ్లైట్ మోడ్ నొక్కగానే చాలా ఫోన్లలో వైఫై కూడా ఆగిపోతుంది. ఫ్లైట్ మోడ్‌ని కదపకుండా వైఫై ఒక్కటే మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ లేదంటే ఇంకా ఎత్తుకు చేరలేదేమో. మన గగనతలంలో 3,000 మీటర్లు దాటాక, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాడుకోవచ్చని సిబ్బంది చెప్పాకే వైఫై నెట్ వాడాలి.

అసలు ఆ విమానంలో వైఫై ఉందా అన్నది ఇంకో సంగతి. ఎయిర్ ఇండియా 2025 జనవరి 1న దేశీయ రూట్లలో మొదలుపెట్టినప్పుడు కూడా ఎ350, బోయింగ్ 787-9, కొన్ని ఎ321నియోలకే ఇచ్చింది. టికెట్ తీసుకునేటప్పుడే విమానం రకం చూసుకోండి.

సమస్య: కనెక్ట్ అయింది, లాగిన్ పేజీ రావట్లేదు

బెంగళూరులో మనవాళ్లకు ఎక్కువగా వచ్చేది ఇదే, ఎందుకంటే చేతిలో ఉండేది ఆఫీసు ఫోన్. అందులోని వీపీఎన్ (ఆఫీసు నెట్‌కు కలిపే రహస్య దారి) ఆ పేజీని రానివ్వదు. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ల చిరునామాలు ఎక్కడ వెతకాలో చెప్పే సెట్టింగ్) పెట్టుకున్నా అంతే. రెండూ ఆపి, లాగిన్ అయ్యాక మళ్లీ పెట్టుకోండి.

సమస్య: డబ్బు కట్టబోతే ఓటీపీ రాదు

నేనే ఇరుక్కున్నా. దేవనహళ్లిలో, అంటే బెంగళూరు విమానాశ్రయంలో, ఫ్రాంక్‌ఫర్ట్ ఫ్లైట్ ఎక్కాను, మేనేజర్ ఒక మెయిల్ కోసం కాచుక్కూర్చున్నాడు. కార్డు నంబరు కొట్టాను. "ఓటీపీ పంపాం" అంది స్క్రీన్. కింద 180 నుంచి అంకెలు తగ్గుతున్నాయి, నా సిమ్ హాయిగా నిద్రపోతోంది. ఫ్లైట్ మోడ్‌లో టవర్‌తో సంబంధమే ఉండదు, ఇక ఎస్ఎంఎస్ ఎక్కణ్నుంచి వస్తుంది?

"ఒక్క నిమిషం ఫ్లైట్ మోడ్ తీసెయ్యండి సార్" అన్నాడు పక్క సీటాయన. ఆ పని మాత్రం చేయకండి. నిబంధన సంగతి అలా ఉంచితే, కొన్ని అంతర్జాతీయ విమానాల్లో లోపలే చిన్న మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. ఫోన్ దాన్ని పట్టుకుందంటే రోమింగ్ మీటరు తిరుగుతుంది. అది కావాలనుకుంటే మీ సిమ్ కంపెనీ దగ్గర ఇన్‌ఫ్లైట్ ప్యాక్ ముందే వేయించుకోవాలి. వద్దనుకుంటే డేటా రోమింగ్ కూడా ఆపేయండి.

వైఫై ప్యాక్‌ను ఇంట్లో ఉన్నప్పుడే విమాన సంస్థ సైట్‌లో కొనేయడం మేలు. కొన్ని సంస్థలు తమ సభ్యులకు మెసేజింగ్ ఉచితంగా ఇస్తాయి. ఆ సభ్యత్వం కూడా నేల మీదే తీసుకోండి, దానికీ ఓటీపీ అడగొచ్చు.

సమస్య: మెసేజ్ పోతోంది, ఫోటో తిరుగుతూనే ఉంది

మీది మెసేజింగ్ ప్యాక్ అయితే చాలాసార్లు ఫోటో వెళ్లదు, అంతే. ఫుల్ ప్యాక్ అయినా నత్తనడకే అయితే ఫోన్‌ని అనుమానించండి. వైఫై కనబడగానే అది ఇంటికొచ్చానని మురిసిపోయి ఫోటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు మొదలుపెడుతుంది. వాటిని ఆపండి. నొక్కిన ప్రతిదానికీ జవాబు కాస్త ఆలస్యంగా రావడం మాత్రం మన చేతిలో లేదు. చాలా విమానాల సిగ్నల్ దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహానికి వెళ్లి రావాలి.

సమస్య: దిగాక సిగ్నల్ రాదు

ఫ్లైట్ మోడ్ ఒకసారి వేసి తీయండి, కుదరకపోతే రీస్టార్ట్. విదేశంలోనైతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను మనమే ఎంచుకోవాల్సి రావచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేను అలాగే చేశాను. మొదట టింగుమన్నది ఆ ఓటీపీయే.